చందుపట్ల శిలపై రుద్రమ

గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’ (2015) ప్రస్తావన వస్తే విద్యార్థులు ముందుగా అడిగేది రాణి పాలన గురించి కాదు, ఆమె కులం గురించి. కాకతీయుల శాసనాల్లో కొన్ని సూర్యవంశమంటాయి. మరికొన్ని సంకోచం లేకుండా చతుర్థ కులమంటాయి. ఆ మాటను సొంతం చేసుకోవడానికి నేటి కులాలు పోటీపడుతున్నాయి. ఏలడానికి క్షత్రియ జన్మ అక్కరలేదన్న దాని అర్థాన్ని మాత్రం విడిచిపెడుతున్నాయి.

రుద్రమపై తిరగబడిన కాయస్థ అంబదేవుని రాజధాని మన కడప జిల్లా వల్లూరు. ఆమె మరణాన్ని 1289లో చందుపట్ల శిలకెక్కించినవాడు మహాసామంతుడు కాదు, పువ్వుల ముమ్మడి అనే భృత్యుడు. రాణికీ, సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా భూదానం చేశాడతడు.

గోన గన్నారెడ్డికి వెండితెరపై అల్లు అర్జున్ దొరికాడు. ముమ్మడి కోసం ఇంకా ఆ రాయి దగ్గరికే పోవాలి. రాణిది ఏ కులమో తేల్చే ముందు, ఆమెను గుర్తుంచుకున్నది ఎవరో అడుగుదాం.