గ్రామఫోను రికార్డులు పాడవకుండా

పాత ఇళ్ళలో అటక మీంచి దించే రికార్డులు రెండు రకాలు. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి దాదాపు అన్నీ లక్కతో చేసినవి. బరువుగా ఉంటాయి, చేయి జారితే రాతిపలకలా పగులుతాయి. మన దేశంలో ఇవి 1960లలోనూ తయారయ్యాయి కాబట్టి ఘంటసాల తొలినాళ్ళ పాటలన్నీ వీటి మీదే వచ్చాయి. రెండోది వినైల్, అంటే పీవీసీ ప్లాస్టిక్. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్పీ ఈ రకం. చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకున్నాకే దాన్ని తుడవాలి, వినాలి.

వినైల్‌ను ఎక్కువగా పాడుచేసేవి దుమ్మూ, అరిగిన ముల్లూ. ముల్లు మోపే బరువు రెండు గ్రాములే అయినా అది ఆనే చోటు కంటికి ఆనదు, అందుకే గాడి మీద ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. మధ్యలో దుమ్ము రేణువు చిక్కితే గాడి గోడలోకి దిగబడుతుంది. ఇక ఆ చోట ప్రతిసారీ టిక్కుమంటుంది. రికార్డు పెట్టే ముందు, అది తిరుగుతుండగానే కార్బన్ ఫైబర్ బ్రష్ ఆనించి దుమ్ము తీసేయాలి. చొక్కా అంచుతో తుడిస్తే గీతలు మిగులుతాయి. వజ్రపు ముల్లయినా 500 నుంచి 1000 గంటల్లో మార్చాల్సిందే.

పాట ఎగిరిపోతుంటే ముల్లు తల మీద పావలా బిళ్ళ పెట్టే అలవాటు ఒకప్పుడు చాలా ఇళ్ళలో ఉండేది. పాత పావలా బరువు సుమారు రెండున్నర గ్రాములు. అంటే గాడి మీద బరువు ఒక్కసారిగా రెట్టింపు! పాట ఎగరడం ఆగేది, గాడి అరిగేది. 78 రికార్డుకు వాడే ముల్లు మొన ఎల్పీ ముల్లు కన్నా మూడు నాలుగు రెట్లు మొద్దుగా ఉంటుంది. దాన్ని ఎల్పీ మీద పెడితే ఆ రికార్డు పని అయిపోయినట్టే.

మురికి పట్టిన వినైల్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల తేలికపాటి సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవాలి. మధ్యనున్న లేబుల్ తడవకూడదు. లక్క రికార్డుకు మాత్రం స్పిరిట్ తగలనివ్వకూడదు. చెక్క సామానుకు పాలిష్ పెట్టేవాళ్ళు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే మరి.

రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, ఒరగకుండా నిలువుగా ఉంచాలి. అట్టలతో కలిపి వంద ఎల్పీలు పాతిక కిలోలు తూగుతాయి, బలహీనమైన అర పనికిరాదు. కిటికీ పక్కనా, మే నెల ఎండలో కారులోనూ వినైల్ వంకర తిరుగుతుంది. దాన్ని ఇంట్లో వేడిచేసి సరిచేయబోతే ఉన్నదీ పోతుంది. తీర ప్రాంతంలో ముసురు పట్టే నెలల్లో అట్టలకు బూజు వస్తుంది. బీరువాను తడి గోడకు ఆనించకుండా గాలి ఆడనివ్వాలి. లోపలి సంచులు పాలిథిన్‌వి మేలు, పీవీసీవి రికార్డు మీద మసక వదులుతాయి.

మరోచోట దొరకని 78 రికార్డు ఇంట్లో ఉంటే, సరైన ముల్లుతో ఒక్కసారి పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, రోజూ వినడానికి ఆ ప్రతినే వాడుకోవడం మంచిది.