రక్తపు చుక్క చెప్పే సాక్ష్యం

మన సంఘ కుటుంబాలలో నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా పనిచేస్తున్న బిడ్డలు ఎందరో ఉన్నారు. రోగి మంచం దగ్గరకు వెళ్లకపోయినా, పరీక్షకు వచ్చిన కొద్దిపాటి రక్తం నుండే వారికి వ్యాధి సోకవచ్చు. వారిని కాపాడాలి. ఆ రక్తం రోగిని గూర్చి చెప్పే మాట కూడా చెడిపోకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదురుతాయా?

2014 జూలైలో లైబీరియా దేశపు మన్రోవియాలో, ఎల్వా మిషన్ ఆసుపత్రిలో సేవచేస్తున్న అమెరికా వైద్యుడు కెంట్ బ్రాంట్లీకి ఎబోలా సోకింది. ఆయనను అట్లాంటాలోని ఎమరీ ఆసుపత్రికి తరలించారు. అక్కడ ప్రత్యేక వార్డు పక్కనే చిన్న ల్యాబ్ ఏర్పాటుచేసి, రక్షణ దుస్తులు ధరించి రక్తం పరీక్షించారు. దేవుని కృపవలన ఆయన ఆగస్టులో కోలుకొని బయటికి వచ్చారు. అటువంటి ఏర్పాటు అన్నిచోట్లా సాధ్యమా? అందుకే పరీక్షకు ముందే శాంపిల్‌లోని వైరస్‌ను రసాయనంతో చంపే పద్ధతులు వచ్చాయి.

ఎబోలా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు జిడ్డును వదిలించినట్టే, ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంటు ఆ పొరను కరిగిస్తుంది. చిక్కు ఏమిటంటే, మన ఎర్ర రక్తకణాల పొరలోనూ కొవ్వే ఉంది. డిటర్జెంటును నేరుగా రక్తంలో కలిపితే ఆ కణాలు పగిలిపోతాయి. వాటి లోపల పొటాషియం, బయటి ద్రవంలో కన్నా ఇరవై రెట్లకు మించి ఉంటుంది. అదంతా బయటపడి రిపోర్టులో పొటాషియం ఎక్కువగా కనిపిస్తుంది.

ఎబోలా రోగికి విరేచనాలవలన పొటాషియం బాగా పడిపోవచ్చు. తప్పు రిపోర్టు చూసి వైద్యుడు దానిని ఎక్కించకపోతే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు.

అందుకే ముందు సెంట్రిఫ్యూజ్‌లో రక్తాన్ని తిప్పి, కణాలను వేరుచేసి, మిగిలిన సీరంలో మాత్రమే డిటర్జెంటు కలుపుతారు. అప్పుడు సోడియం, పొటాషియం, యూరియా, క్రియాటినిన్ ఫలితాలు పెద్దగా మారవు. రక్తకణాల లెక్కకు మాత్రం ఆ మందు కలపని రక్తమే కావాలి. 60 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచే మరో పద్ధతి ఉంది. అయితే ఆ వేడికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వంటి ఎంజైములు దెబ్బతిని ఫలితం తగ్గిపోతుంది.

మరొక హెచ్చరిక. సీరంలో డిటర్జెంటు శక్తి తగ్గి, ఎబోలా వైరస్ పూర్తిగా చావకపోవచ్చని 2017లో ప్రచురితమైన పరిశోధన చూపింది. కాబట్టి మందు కలిపాము కదా అని గ్లవ్సు తీసివేయరాదు. ఏ పరీక్షకు ఏ పద్ధతి తగునో ముందే సరిచూసుకోవాలి. శాంపిల్‌కు ఏమి కలిపారో రిపోర్టులో వ్రాయాలి.

అబద్ధసాక్ష్యాన్ని దేవుని ఆజ్ఞ నిషేధించింది. కోర్టుకే కాదు, ల్యాబ్ బల్లకూ అది వర్తిస్తుంది. నోరు విప్పలేని రోగి తరఫున మాట్లాడేది ఆ కాగితమే. ఈ మాసం మీ కుటుంబ ప్రార్థనలో, తెరవెనుక పనిచేసే ఈ సేవకులను పేరుపేరునా జ్ఞాపకం చేసుకోండి.