చక్రాన్ని చెక్కే ఉలి

రైలుపెట్టె ఏళ్ళ తరబడి పట్టాల మీద దొర్లేసరికి దాని చక్రాలు అరిగిపోతాయి. చక్రానికి లోపలివైపున ఉండే అంచే పెట్టెను పట్టాల మీద నిలుపుతుంది. అది పలచబడితే పెట్టె పట్టా తప్పే ప్రమాదం ఉన్నది. అందుకని తిరుపతి దగ్గర సెట్టిపల్లిలో ఉన్న రైలుపెట్టెల మరమ్మతు కర్మాగారం వంటి చోట్ల, అరిగిన చక్రాలను లేత్ యంత్రానికి ఎక్కించి, గట్టి ఉలితో చెక్కి, మళ్ళీ సరైన ఆకారానికి తెస్తారు.

చక్రం ఉక్కుది. ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కర్బనం చేరిన మిశ్రలోహం. చక్రం తిరుగుతూ ఉంటే ఉక్కు ఉలిని కిందికీ, వెనక్కూ, పక్కకూ తోస్తుంది. కిందికి తోసే బలమే అన్నిటికన్న పెద్దది. ఈ బలం ఎంత ఉండేదీ ఉలి మొన వాలును బట్టి ఉంటుంది.

మీరే పరీక్షించి చూడండి. బట్టల సబ్బు మీద చెక్క స్కేలు అంచును నిలువుగా ఆనించి ముందుకు తోయండి. సబ్బు మొరాయిస్తుంది. ఇప్పుడు స్కేలును మీ వైపుకు వాల్చి తోయండి. సబ్బు పొర సులువుగా లేచి వస్తుంది.

ఎందుకని? గొడ్డలి కట్టెను చీల్చినట్టుగా ఉలి లోహాన్ని చీల్చదు. మొనకు ముందున్న లోహం, పేకముక్కల కట్టను నెట్టినట్టు, పొరలు పొరలుగా జారుతుంది. ఉలికి వాలు ఎక్కువగా ఉంటే, లోహం జారే మేర తగ్గి, బలమూ తగ్గుతుంది. వాలు ఒక్క డిగ్రీ పెరిగితే బలం ఇంచుమించు నూటికి ఒక వంతు తగ్గుతుందని లెక్క.

అలా అయితే ఉలిని బాగా వాలుగా సానపడితే సరిపోదా? సరిపోదు! వాలు పెరిగినకొద్దీ మొన పలచబడి, వేడికీ ఒత్తిడికీ విరిగిపోతుంది. అందుచేత మెత్తని అల్యూమినియానికి వాలు ఎక్కువగానూ, గట్టి ఉక్కుకు తక్కువగానూ పెడతారు. ఇత్తడి విషయం వేరు. వాలు ఉన్న ఉలి ఇత్తడిలోకి తనంతట తానే గుచ్చుకుపోతుంది. కనక దానికి దాదాపు వాలు లేని ఉలి వాడతారు.

ఇటువంటి సంగతులు తేల్చటానికి ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికా ఇంజనీరు 26 సంవత్సరాలు ప్రయోగాలు చేసి, 1906లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ప్రయోగాలలో 8 లక్షల పౌన్లకు పైగా ఇనుమూ ఉక్కూ పొట్టయిపోయాయి!

చక్రాలు చెక్కేవారికి మరొక చిక్కు ఉన్నది. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా పట్టా మీద జారితే, రాపిడికి ఆ చోటు విపరీతంగా కాలి, చప్పున చల్లారి, చాలా గట్టి మచ్చగా మారుతుంది. ఉలి దాన్ని తాకగానే బలం ఒక్కసారిగా పెరిగి మొన విరగవచ్చు. అందుకే అనుభవం గల పనివాడు ఆ మచ్చను పైపైన గీకడు. మొనను మచ్చకన్న లోతుకు దించి, కింది మెత్తని ఉక్కును కోసుకుంటూ పోతాడు. మచ్చ దానితోపాటే ఊడి వస్తుంది.