పచ్చిక బయళ్లలోనూ కొలువులు!

ఎరువు వేస్తే మొక్కలు బాగా పెరుగుతాయని మనందరికీ తెలుసు. ఇంగ్లండ్ పచ్చిక బయళ్లలో అడవి పూలు కావాలంటే మాత్రం లెక్క రివర్స్! మట్టిలో సారం తగ్గితేనే ఎక్కువ రకాలు వస్తాయి. ఎందుకంటే ఎరువు పడగానే రెండు మూడు రకాల గడ్డి ఏపుగా పెరిగి, మిగతా మొక్కలకు వెలుతురు అందనివ్వదు. దుక్కి, ఎరువుల దెబ్బకి 1930ల నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో పూల పచ్చికలు దాదాపు 97 శాతం పోయాయి.

తిరిగి తెచ్చేదెలా?

* కోత: విత్తనాలు రాలాక, జులై-ఆగస్టుల్లో గడ్డి కోసి బయటికి తీసుకెళ్లాలి. అక్కడే వదిలేస్తే కుళ్లి మళ్లీ ఎరువైపోతుంది.
* యెల్లో రాటిల్: గడ్డి వేళ్ల నుంచి నీరు, పోషకాలు లాగేసే మొక్క ఇది. దీంతో గడ్డి జోరు తగ్గి పూలమొక్కలకు చోటు దొరుకుతుంది. చలి తగిలితేనే మొలుస్తుంది కాబట్టి విత్తనాలు శీతాకాలానికి ముందే చల్లాలి.
* వ్యాక్స్‌క్యాప్: ఎరుపు, పసుపు రంగుల్లో మెరిసే పుట్టగొడుగులు. ఎరువు తగలని, దున్నని, గొర్రెలు మేసి పొట్టిగా ఉంచిన పాత పచ్చికల్లో కనిపిస్తాయి. ఒక్కసారి దున్నితే మళ్లీ రావడానికి దశాబ్దాలు పట్టొచ్చు. అందుకే ఉన్నవాటిని ముందే గుర్తించడం ముఖ్యం.

ఉద్యోగాలు ఎక్కడ?

ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాలు చేపట్టేవాళ్లు జీవవైవిధ్యాన్ని కనీసం 10 శాతం పెంచి చూపాలి. ప్రధానంగా చేపట్టిన మెరుగుదలను 30 ఏళ్లు కాపాడాలి. అంటే ముందు సర్వే, తర్వాత ఏళ్ల తరబడి పర్యవేక్షణ. మొక్కలు గుర్తుపట్టేవాళ్లతో పాటు జీఐఎస్, డ్రోన్ మ్యాపింగ్, డేటా అనాలిసిస్, మట్టిలో డీఎన్‌ఏ పరీక్షలు తెలిసినవాళ్లూ కావాలి. యూకేలో మాస్టర్స్ ప్లాన్ చేస్తున్నవాళ్లు ఎకాలజీ కోర్సుల్నీ ఒకసారి చూడండి.

మన దగ్గరా పచ్చిక బయళ్లున్నాయి. బట్టమేక పక్షి కోసం ఏర్పాటైన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం అలాంటిదే. ఇక్కడి నేల, వాన వేరు కాబట్టి ఇంగ్లండ్ పద్ధతులు యథాతథంగా పనికిరావు. కానీ సర్వే, మ్యాపింగ్ స్కిల్స్ రెండుచోట్లా పనికొస్తాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లూ అర్హులే. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నోటిఫికేషన్లనూ గమనిస్తుండండి.

ఇలా మొదలుపెట్టండి

* కాలేజీ ఆవరణలో పది అడుగుల గడ్డినేల ఎంచుకుని, నెలకోసారి ఏమేం మొలిచాయో ఫొటోతో సహా రాసుకోండి.
* ఐనేచురలిస్ట్ యాప్‌లో పెట్టి సరిచూసుకోండి. గడ్డి, పుట్టగొడుగుల విషయంలో ఫొటో ఒక్కటే చాలదు, తెలిసిన లెక్చరర్‌ని అడగండి.
* క్యూజీఐఎస్ ఉచితం. మీ డేటాతోనే మ్యాప్ గీయండి. రెజ్యూమెలో చూపించడానికి సొంత ప్రాజెక్ట్ రెడీ!