అట్టముక్కపై ఉత్తర గోగ్రహణం

విరాటరాజు కోట మా నేలకొండపల్లిలోనే ఉండేదని ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. అందుకే ఈసారి మినియేచర్ వార్‌గేమింగ్‌లో రోమన్లను పక్కనపెట్టి, ఉత్తర గోగ్రహణం ఎంచుకున్నా.

కిట్: 1/72 స్కేల్ ప్లాస్టిక్ సైనికులు. మనిషి ఎత్తు రెండున్నర సెంటీమీటర్లకు అటూఇటూ. ముందు సబ్బునీళ్లతో కడగండి, లేదంటే రంగు పెచ్చులూడుతుంది. ఏనుగులు అదుర్స్! ఆవులే లేవు. అమ్మ బొమ్మల కొలువు పెట్టెలోంచి నాలుగు తెచ్చా. సైనికుల కంటే పెద్దవే, అయినా సర్దుకుపోయాం.

టెరైన్: థర్మాకోల్‌తో మా ఊరి బౌద్ధస్తూపం చెక్కా. మూడు రాత్రుల పని. స్ప్రే పెయింట్ కొట్టగానే కరిగి గుంటలు పడింది! ముందు ఫెవికాల్ పూత వేసి, యాక్రిలిక్ రంగు బ్రష్‌తో వేయాల్సింది.

రూల్‌బుక్: 1990లో వచ్చిన డీబీఏ. చెరో 12 దళాలు. పాచిక ఎంత పడితే అన్ని కదలికలు. నాలుగు దళాలు పోతే దాదాపు ఓడినట్టే. గంటలో ఆట ఖతం. కానీ ఇరువైపులా సమాన బలం ఉండాలి. మరి అర్జునుడు ఒక్కడే కదా?

ఇదే తాతయ్యతో అన్నా. "పులిజూదంలో పులులు మూడు, మేకలు పదిహేను. సమానమా? ఎవరి గెలుపు వాళ్లది రా" అన్నాడు.

అంతే, రూల్ మార్చా. కౌరవులకు అర్జునుణ్ని ఆపితే గెలుపు, అర్జునుడికి మూడు ఆవుల్ని ఇంటికి మళ్లిస్తే గెలుపు. తాతయ్య అర్జునుడు, నేను కౌరవసేన. నా 12 దళాలూ చూస్తుండగానే మూడో ఆవు గీత దాటింది.

నా మార్కులు: కిట్‌కి 3/5, డీబీఏకి 4/5. తాతయ్య రూల్‌కి 5/5.