సముద్రమట్టం నుంచి 996 మీటర్ల దాకా విశాఖ

విశాఖపట్నం చూడటానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటి రోజు ఆర్కే బీచ్‌కి, మర్నాడు అరకుకి వెళ్తారు. రెంటికీ మధ్య రోడ్డు దూరం దాదాపు 115 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే నేల సముద్రమట్టం నుంచి 900 మీటర్ల పైకి లేస్తుంది. చెన్నై, మచిలీపట్నం, కాకినాడల వెనక అంతా మైదానమే. ఇక్కడ మాత్రం తూర్పు కనుమల గుట్టలు నడుచుకుంటూ వచ్చి సముద్రంలో కాలు పెట్టాయి. ఈ ఊరికి రేవు వచ్చినా, నేవీ వచ్చినా, అరకు రైలు వచ్చినా మూలం ఆ కొండలే. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు విశాఖను ఎత్తుల లెక్కన చూస్తే బాగా అర్థమవుతుందని నా నమ్మకం.

బీచ్ రోడ్డులో నిలబడి దక్షిణం వైపు చూడండి. నీళ్లలోకి పొడుచుకొచ్చిన పెద్ద కొండ ఒకటి కనిపిస్తుంది. అదే డాల్ఫిన్ నోస్, యారాడ కొండల కొస. దక్షిణం నుంచి వచ్చే పెద్ద అలలకు అది అడ్డుగోడ. దాని చాటున ఉన్న ఏటినీ చిత్తడి నేలనీ తవ్వి రేవు కట్టారు. రేవు ముఖద్వారాన్ని అలల నుంచి కాపాడటానికి రెండు పాత ఓడలను అక్కడే ముంచి అలకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ ఈ రేవులోకి మొదటిసారి వచ్చింది. అప్పట్లో మధ్య పరగణాల మాంగనీసును బయటికి పంపడమే దీని ప్రధానమైన పని. మరో 15 ఏళ్లకు, 1948 మార్చి 14న, ఇక్కడి షిప్‌యార్డులో కట్టిన ‘జల ఉష’ను జవహర్‌లాల్ నెహ్రూ నీళ్లలోకి దింపారు.

ఇక సముద్రమట్టానికి కిందికి వెళ్దాం. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చోబెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్ల సర్వీసు తర్వాత 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. బయటి నుంచి భారీగానే ఉంటుంది. లోపలికి వెళ్తే ఆ వెడల్పులో మనిషికి మిగిలింది ఒక సన్నని నడవా మాత్రమే. మిగతా చోటంతా గొట్టాలు, మీటర్లు, చక్రాల్లాంటి వాల్వులు. ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలో ముందు ఒక కాలు పెట్టి, నడుం వంచి, తల చివరికి లాక్కోవాలి. టార్పెడోలను వదిలే గొట్టాలు ముందు 6, వెనక 4. ఆ టార్పెడోల పక్కనే నావికుల పడక బల్లలు. పక్క మీద తిరిగి పడుకోవడమే కష్టమనిపించే ఆ బల్లల మీద, ఎండ మొహం చూడకుండా వారాల తరబడి గడిపినవాళ్లున్నారు. లోపల గైడ్లుగా ఉన్నది రిటైరైన నేవీ ఉద్యోగులే. వాళ్లను అడగండి, ఓపిగ్గా చెబుతారు. ఊళ్లో ఒక్కటే చూసే టైముంటే నేను దీన్నే చూడమంటాను.

బయటికి వచ్చి మురీ మిక్చర్ పొట్లం కొనుక్కుని బస్సెక్కండి. రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లేది 900కె. దారిలో, నగరానికి 16 కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ. ఎత్తు 128 మీటర్లు. నేవీవాళ్ల సర్వేలో ఈ బౌద్ధారామం జాడ బయటపడింది. 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. స్తూపాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లతో పాటు శాతవాహనుల సీసపు నాణేలు 9, రోమన్ల వెండి నాణేలు 5 దొరికాయి. రేవు కట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ తీరానికి ఓడలూ వర్తకులూ వచ్చిపోయేవారని ఆ అయిదు నాణేలు సాక్ష్యం చెబుతాయి.

ఒక్క జాగ్రత్త. ఆర్కే బీచ్‌లోనూ రుషికొండలోనూ ఒడ్డు నుంచి కొన్ని అడుగులు వేస్తే చాలు, లోతు పెరుగుతుంది, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లూ ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి.

సింహాచలం కొండ మీది గుడికి వెళ్లాలంటే 28 నంబరు బస్సు. గుడిలో దొరికిన శాసనాల్లో పాతది 11వ శతాబ్దం చివరిది, కులోత్తుంగ చోళుడి కాలం నాటిది. ఇప్పుడు కనిపించే కట్టడంలో ఎక్కువ భాగం 13వ శతాబ్దంలో తూర్పు గంగరాజులు కట్టించింది. శ్రీకృష్ణదేవరాయల శాసనాలు 1516, 1519 నాటివి ఉన్నాయి. గుడిలో కొలువున్న అప్పన్న స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ నాడు మాత్రం దాదాపు 12 గంటల పాటు నిజరూప దర్శనం. ఆ తర్వాత నాలుగు విడతల్లో, విడతకు 3 మణుగుల చొప్పున, మళ్లీ చందనం పూస్తారు. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ చుట్టూ నడిచే జనంతో ఆ రాత్రి సగం ఊరి ట్రాఫిక్ మళ్లిస్తారు కాబట్టి రైలో విమానమో అందుకోవాల్సినవాళ్లు ముందే బయల్దేరాలి.

అరకు రైలు టూరిస్టుల కోసం వేసింది కాదు. బైలదిల్లా గనుల్లో ఇనుప ఖనిజం ఉంది, జపాన్‌కు అది కావాలి, మధ్యలో కనుమలున్నాయి. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసినదే కొత్తవలస–కిరండూల్ మార్గం, రైల్వేవాళ్ల మాటలో కేకే లైను. ఈ లైనులో సొరంగాలు 58. ఇవాళ్టికీ ఇది ప్రధానంగా గూడ్సు బండ్ల లైనే. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ 2017లో వచ్చింది. అరకుకు ముందు వచ్చే శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదన్న పేరు చాలాకాలం దీనిదే. అక్కడి నుంచి బండి కొంచెం దిగి, సుమారు 911 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చేరుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలో చెమటలు కక్కే రోజున కూడా అరకులో సాయంత్రం చల్లగాలి వీచేది అందుకే.

ఈ దారిలో బొర్రా గుహల దగ్గర దిగకపోతే ప్రయాణంలో సగం పోయినట్టే. ఎత్తు సుమారు 700 మీటర్లు. సున్నపురాయిని గోస్తనీ నది నీళ్లు లక్షల ఏళ్లుగా కరిగించగా ఏర్పడ్డ గుహలివి. పైనుంచి కారే ప్రతి చుక్కా తనతో తెచ్చిన సున్నాన్ని కొంచెం కొంచెంగా వదిలిపోతుంది. కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, నేల నుంచి లేచిన దిబ్బలు అలా పెరిగినవే. రైలు పట్టాలు ఈ గుహల మీదుగానే వెళ్తాయి. కింద గోస్తనీ కొండ దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి విశాఖకు తాగునీరిచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బీచ్‌కీ అరకుకీ ఉన్న చుట్టరికాన్ని నాకు రోడ్డుకన్నా రైలుకన్నా ఈ నదే బాగా చూపించింది.

కొత్తవాళ్లు తికమకపడే సంగతి ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4 నుంచి అరకు, బొర్రా విశాఖ జిల్లాలో లేవు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. వెళ్లేటప్పుడు పొద్దుటి రైలు, వచ్చేటప్పుడు అనంతగిరి కాఫీ తోటల మీదుగా రోడ్డు: ఇలా పెట్టుకుంటే రెండు దారులూ చూసినట్టవుతుంది. డిసెంబరు, జనవరి అన్నిటికన్నా మంచి నెలలు, విస్టాడోమ్ సీట్లు కూడా ముందుగా అయిపోయేది అప్పుడే. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12నే. ఆ రెండు నెలల్లో వచ్చేవాళ్లు హోటల్ బుక్ చేసుకునే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవాలి. కొండ దారుల్లో చరియలు విరిగిపడితే రైలూ రోడ్డూ రెండూ ఆగిపోతాయి.