ఉన్నత పర్వత ప్రాంతాలు - వంశపారంపర్య నేత్రపటల వ్యాధులు

సముద్రమట్టానికి 2,500 మీటర్లకు పైబడిన ప్రదేశాన్ని వైద్యశాస్త్రం ఉన్నత ప్రాంతంగా పరిగణిస్తుంది. తిరువూరు వంటి మైదానపు పట్టణం నుంచి బయలుదేరిన యాత్రికులు 3,583 మీటర్ల ఎత్తున ఉన్న కేదారనాథ్‌ను నేడు కొద్ది రోజుల్లోనే చేరుకుంటున్నారు. వారిలో రేచీకటి గలవారి కంటిపై ఆ ఎత్తు చూపే ప్రభావం విచారించదగినది.

రేచీకటికి కారణాలు పలు విధాలు. ‘ఎ’ విటమిన్ లోపం వల్ల కలిగేది చికిత్సతో నయమవుతుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య వ్యాధిలో మాత్రం నేత్రపటలంలో చీకటిచూపునిచ్చే దండకణాలు మొదట, పగటిచూపునిచ్చే శంకుకణాలు ఆ తరువాత క్రమంగా క్షీణించి, చూపు అంచుల నుంచి కుంచించుకుపోతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ దోషజన్యువు సంక్రమించినప్పుడే బయటపడే రకం, మేనరికాలు ఆచారంగా ఉన్న మన కుటుంబాలలో తలెత్తే అవకాశం అధికం.

ఎంత ఎత్తుకు వెళ్ళినా గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమే. తగ్గేది వాతావరణ పీడనం. కేదారనాథ్ ఎత్తున అది సముద్రతీరపు పీడనంలో దాదాపు మూడింట రెండు వంతులు; శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. దండకణాలు వెలుగులో కంటె చీకటిలోనే ఎక్కువ ఆక్సిజన్‌ను వినియోగిస్తాయి. చీకటిలో ఎడతెగక లోపలికి వచ్చే సోడియం అయాన్లను బయటికి తోడిపోయడానికి వాటికి అంత శక్తి అవసరం. కనుక ఆక్సిజన్ కొరత ముందుగా సోకేది రాత్రిచూపునే. ఆరోగ్యవంతులైన విమానచోదకులలో సైతం సుమారు 1,500 మీటర్ల నుంచే ఈ తగ్గుదల కనిపిస్తుంది. మిగిలిన కొద్దిపాటి దండకణాలతో నెట్టుకొస్తున్నవారికి ఇది ఎంత పెద్ద నష్టమో ఊహించవచ్చు.

అయితే ఎత్తు ఈ వ్యాధిని తప్పక ముదిరిస్తుందని భావించడం తొందరపాటు. దండకణాలు నశించాక కూడా, నేత్రపటలం వెనుకనున్న రక్తపటలం నుంచి సరఫరా తగ్గకపోవడంతో వెలుపలి నేత్రపటలంలో ఆక్సిజన్ మోతాదు మించుతుందని జంతు ప్రయోగాలు చూపాయి; కనుక ఎత్తున ఆక్సిజన్ తగ్గినా అక్కడ కొరత ఏర్పడకపోవచ్చు. అసలు ప్రమాదం మరొకటి. 1969లో భారత సైనిక వైద్యులు హిమాలయ సైనికులలో వర్ణించిన పర్వతవ్యాధి లక్షణాలలో నేత్రపటల రక్తస్రావమూ ఉంది. ఆ రక్తస్రావం మధ్యబిందువు వద్ద జరిగితే, మధ్యచూపు ఒక్కటే మిగిలిన రోగికి ఆసరా పోయినట్లే.

పర్వతవ్యాధి నివారణకు వాడే అసిటజోలమైడ్‌ను ఈ రోగుల నేత్రపటల మధ్యభాగపు వాపుకు కూడా ఇస్తారు. ఇది సల్ఫా వర్గపు మందు కనుక, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. విజయవాడ చెంత తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉండగా, పరీక్ష చేయించుకోకుండా ప్రయాణం కట్టడం తగదు. మజిలీలు చేసుకుంటూ నెమ్మదిగా ఎక్కాలి. మంచుపై ప్రతిఫలించే అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే నల్లకళ్ళద్దాలు ధరించాలి. గౌరీకుండ్ నుంచి తెల్లవారుజామున టార్చి వెలుగులో బయలుదేరే అలవాటును ఈ రోగులు మానుకోవాలి. తడిసిన రాతిమెట్ల మీద పక్కనుంచి దూసుకొచ్చే కంచరగాడిద వారి చూపు పరిధిలోకే రాదు కాబట్టి, పట్టపగలు, తోడుమనిషి చేయి పట్టుకుని, లోయవైపు కాక కొండవైపు నడవాలి.